షజామ్ రెండో పార్ట్ ఆన్‌లైన్లో కొనేస్తున్నారా, ఒక్క నిమిషం ఆగండి

ఫ్రెండ్స్, షజామ్ ఫ్యూరీ ఆఫ్ ది గాడ్స్ అనే సూపర్‌హీరో సినిమాని రెంట్‌కి కాకుండా ఏకంగా కొనేద్దాం అనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి, నేను కొనేసి తల పట్టుకుని కూర్చున్నా. 2019లో వచ్చిన ఫస్ట్ పార్ట్ నాకు పిచ్చి ఇష్టం, ఆ ఊపులో రెంట్ బటన్ పక్కనే ఉన్నా దాని వంక కూడా చూడలేదు. పేజీలో పేరు తెలుగులో రాసుంది కదా, ఆడియో కూడా తెలుగే ఉంటుందిలే అనుకున్నా, తీరా ప్లే చేస్తే ఇంగ్లీష్ ఒక్కటే. కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, చూసుకోకపోవడం నా తప్పే, కానీ పిల్లలతో కూర్చుని చూద్దామని కొన్నవాడికి ఎంత మండుతుంది చెప్పండి. రిఫండ్ అడిగితే ఒకసారి ప్లే మొదలయ్యాక ఇవ్వం అన్నారు, రెండు నిమిషాలు కూడా చూడలేదు మహాప్రభో అన్నా వినలేదు.

సర్లే డబ్బులు పోతే పోయాయి, సినిమా అయినా కిట్టుబాటు అవుతుందేమో అని మొత్తం 2 గంటల 10 నిమిషాలూ చూశా.

అన్యాయంగా మాట్లాడను, బాగున్నవీ ఉన్నాయి. హీరో బిల్లీతో ఒకే ఇంట్లో పెరిగే తమ్ముడులాంటి ఫ్రెడ్డీగా చేసిన జాక్ డిలన్ గ్రేజర్ సినిమాని భుజాన మోశాడు, వాడూ, వీళ్ళకి శక్తులిచ్చిన ముసలి మాంత్రికుడూ కలిసి ఉన్న సీన్లు చూస్తే అసలు హీరో వీడే కదా అనిపిస్తుంది. ఇంకోటి, చెప్పింది చెప్పినట్టు రాసేసే మాయ పెన్నుతో బిల్లీ బ్యాచ్ విలన్లకి ఉత్తరం రాయిస్తారు, పక్కన గుసగుసలాడుకున్న మాటలు కూడా అందులో పడిపోతాయి, విలన్లలో ఒకరైన హెలెన్ మిర్రెన్ దాన్ని మొహంలో నవ్వు లేకుండా చదువుతుంటే నేను పడీ పడీ నవ్వా.

మరి దెబ్బ ఎక్కడంటే బిల్లీ దగ్గర, షజామ్ అనగానే పెద్ద సూపర్‌హీరోగా మారిపోయే కుర్రాడు వాడు. 18 నిండబోతున్నాయి, నిండితే తనని పెంచుతున్న ఈ ఇంట్లోంచి పంపించేస్తారేమో అని వాడి భయం, ఎంత మంచి పాయింట్ అది, కానీ దాన్ని మోయాల్సిన, కుర్ర బిల్లీగా చేసిన యాషర్ ఏంజెల్ మనకి సరిగ్గా కనపడడు, మొత్తం సూపర్‌హీరో రూపంలో ఉన్న జకరీ లీవైయే, ఆయనేమో పెద్దవుతున్న కుర్రాడిలా కాకుండా పదేళ్ళ పిల్లాడిలా గెంతుతుంటాడు, ఇద్దరూ ఒకడే అంటే నమ్మబుద్ధి కాదు. షజామ్ (SHAZAM) పేరులో ఉన్న ఒక 'A' అక్షరం గ్రీకు పురాణాల్లోని అట్లస్‌ది, ఆ అట్లస్ కూతుళ్ళే మా నాన్న శక్తి మాకివ్వండి అని వస్తారు, న్యాయంగా చూస్తే వాళ్ళదే కరెక్టు! ఆ గొడవ గట్టిగా నడిపించకుండా ఆ కూతుళ్ళలో ఒకరైన లూసీ లియూని చెక్కలాంటి డ్రాగన్ ఎక్కించి ఊరు తగలబెట్టడానికి పంపేశారు. యూనికార్న్‌లకి (ఒంటి కొమ్ము గుర్రాలు) స్కిటిల్స్ అనే బ్రాండ్ క్యాండీలు పెట్టే సీనైతే యాడ్ మధ్యలో సినిమా చూస్తున్నట్టుంది.

ఇంకా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. క్లైమాక్స్‌లో వండర్ ఉమన్ వస్తుంది, థియేటర్లో కేకలు పడాల్సిన చోటు అది, రిలీజ్‌కి ముందే టీవీ ప్రోమోల్లో చూపించేశారు. డైరెక్టర్ శాండ్‌బర్గ్ పాపం ఎంత దాచుకున్నాడో ఏమో.

కాబట్టి చూడాలనుంటే రెంట్ చాలు, రెండోసారి చూడాలనిపించే సినిమా కాదిది. ఏదైనా సరే ప్లే నొక్కేముందు ఆడియో భాషల లిస్ట్ చూసుకోండి, డౌటుంటే ట్రైలర్ వరకే ఆగండి. ఇలా ఇరుక్కుని రిఫండ్ తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఏం చెప్పారో కింద రాయండి ప్లీజ్, నేను ఇంకోసారి ట్రై చేస్తా.