పాత పెంకుటింటి టేకుతో వంటింటి అరలు: ఐదారేళ్ల వాడకం తరువాత

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచలో పెంకుటిళ్లు విప్పి స్లాబు వేసుకునేవాళ్ల దగ్గర పాత దూలాలు, వాసాలు దొరుకుతూనే ఉంటాయి. మా వంటింటి అరలు అలాంటి కలపతో చేయించినవే. చుట్టూ టేకు అడవి ఉండగా పాత చెక్క ఎందుకని అత్తయ్య అడిగింది. కారణం చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క. లేత చెట్టు పలకలో తెల్లచెక్క, అంటే చేవ చుట్టూ ఉండే లేత రంగు పొర, పాలు ఎక్కువ. మేము కొన్న దూలాల్లో అది అంచులకే ఉంది. టేకులో చెదలను తట్టుకునేది చేవే, తెల్లచెక్క కాదు. కింది అర వెడల్పు తగ్గుతుందని వడ్రంగి గోడవైపు వేలెడు తెల్లచెక్క ఉంచేశాడు. ఒక వానాకాలంలో గోడ మీదుగా మట్టిగీత పాకి, ఆ అంచంతా డొల్లయింది. ఆనుకునే ఉన్న చేవ మీద గాటు కూడా పడలేదు. అందుకే, నూరేళ్ల కలప అని అమ్మేవాడు చెప్పే మాటకు కాదు, కోసిన మొనలో కనిపించే ముదురు రంగుకు డబ్బు ఇవ్వండి.

చెక్క చవకే, పని చవక కాదు. లోపల విరిగిన మేకులుంటే మిషను బ్లేడు పోతుంది కాబట్టి కోత మిల్లువాళ్లు పాత దూలం చూడగానే మొహం తిప్పుకుంటారు. అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి, మేకులు పీకించాకే తీసుకెళ్లాలి. రంగు వేసిన తలుపు చెక్కలు ఊరికే ఇస్తామన్నా మేము వద్దన్నాం. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించరాదన్న నియమం 2017 నవంబరులోగాని అమల్లోకి రాలేదు. అంతకు ముందటి రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లలున్న ఇంటికి మంచిది కాదు.

బరువు సంగతి. అంగుళం మందం పలకకు రెండడుగులకో ఆధారం పెట్టించాం. బియ్యం డబ్బా, ఇత్తడి గిన్నెలు మోస్తున్నా వంగలేదు. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది, ఇక్కడ పొదుపు చేయకండి.

తొట్టి పక్క అర నల్లమద్ది వాసంతో చేసింది. గట్టిదే, కానీ ఇనుప మరమేకుల చుట్టూ నల్లటి మచ్చలు పడ్డాయి. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, తడి కలిస్తే అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులు వేయించాక కొత్త మచ్చలు రాలేదు, పాతవి పోలేదు.

ఏటా ఎండాకాలంలో అవిసె నూనె పూస్తాం. పూసిన గుడ్డలను ముద్దగా పడేయకుండా పరిచి ఆరబెట్టండి, వాటంతట అవే అంటుకోగలవు. పసుపు మరక, గిన్నె అడుగు గీత ఈ నూనె పూతతో సర్దుకుంటాయి. పొయ్యి పై అరకు మాత్రం ఏ పూతా నిలవలేదు. తాలింపు ఆవిరి, దుమ్ము కలిసి జిడ్డు పేరుకుంటుంది, సబ్బునీళ్లతో తోమితే చెక్క తెల్లబోతుంది. దసరాకు ఆ ఒక్కటీ తీసేసి స్టీలుది పెట్టిస్తున్నాను.