మాలీ గ్రీజు: జేసీబీ పిన్నుకు సరే, బ్లోయరు బేరింగుకు వద్దు

మిర్యాలగూడ, పాలమూరు స్పేర్ పార్టుల దుకాణాల్లో మాలీ గ్రీజు, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్లటి గ్రీజు, కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. గ్రాఫైట్ గ్రీజు కూడా నలుపే. డబ్బా మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే మాట, పక్కన శాతం ఉండాలి. లిథియం గ్రీజులో 3 శాతం కలిపిన రకం మామూలు పనులకు చాలు.

దీని గుణమంతా పొరల్లోనే ఉంది. మాలిబ్డినానికి అటూ ఇటూ గంధకం అతుక్కుని ఒక్కో పలక అవుతుంది. పలకల మధ్య పట్టు మాత్రం అంతంతే, తడి తమలపాకుల కట్టలా జారిపోతాయి. బరువుకు నూనె పక్కకు పోయినా పలకలు ఇనుముకు అంటుకునే ఉంటాయి. అందుకే జేసీబీ బకెట్ పిన్నులు, ట్రాక్టర్ ముందు యాక్సిల్ పిన్ను, ట్రాలీ కొక్కెం వంటి నిదానంగా, బరువుతో కదిలే చోట దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు. కొత్త గ్రీజు అంచున బయటికి కనబడేదాకా గన్ కొట్టాలి.

బ్లోయర్లు, మోటార్లలో వేగంగా తిరిగే బేరింగులకు ఇది తగదు. అక్కడ రోలర్లు దొర్లాలి. మరీ నునుపైతే దొర్లకుండా జారి అరుగుతాయి. పైగా చాలా మోటారు బేరింగుల్లో పాలీయూరియా అనే వేరే రకం గ్రీజు ఉంటుంది. దాని మీద లిథియం కొడితే రెండూ పలచబడి కారిపోవచ్చు.

రైస్ మిల్లులో ఎలివేటర్ చైన్లకు గ్రీజే వద్దు. ఊకలో సిలికా ఎక్కువ; అది గ్రీజులో కలిస్తే సానపిండే. చైను విప్పి, జిడ్డంతా కడిగి, ఆరాక మాలీ డ్రై స్ప్రే పలచగా కొట్టడం మేలు. ఊక పొయ్యి తలుపు బందులకు ఆ స్ప్రే కూడా నిలవదు, 400 డిగ్రీల దగ్గర మాలీ గాలికి ఆక్సీకరణం చెందుతుంది. అక్కడికి బోరాన్ నైట్రైడ్ పేస్టు కావాలి, కాస్త ఖరీదే.

దమ్ము చక్రాల దగ్గర మాత్రం దీని మీద భరోసా పెట్టుకోవద్దు. మాలీ తుప్పును ఆపదు. బురదనీటిని ఆపేది సీలు, దాన్ని చూసుకోవాలి.

ఇక గ్రాఫీన్ కలిపామని అమ్మే ఇంజిన్ ఆయిల్ సీసాలు. అసలు గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర, 2004లో మాంచెస్టర్‌లో విడదీశారు. సీసాలో ఎన్ని పొరల ముక్కలున్నాయో పైకి తెలియదు. రెండు రోజులు కదపకుండా ఉంచి, అడుగున నల్లటి మడ్డి చేరితే వాడకండి. మంచిదే దొరికినా ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్ గేరుబాక్సులో పోయవద్దు. చాలా వాటిలో ఆ నూనెలోనే బ్రేకు పలకలు మునిగి ఉంటాయి, నూనె జారుడెక్కితే బ్రేకు పట్టదు.