ఇంటి గాలిమర: కొనేముందు చూడవలసినది గాలినే

మేడపై అమర్చుకునే ఈ చిన్న గాలిమర తయారీలో లోపమేమీ లేదు. రెక్కలు తేలికగా తిరుగుతాయి, శబ్దమూ తక్కువే. అయితే దానిపై ముద్రించిన ఒక కిలోవాట్ సామర్థ్యం, గాలి సెకనుకు 12 మీటర్ల వేగంతో వీచినప్పటి లెక్క అని కొనేవారు తప్పక గమనించాలి. గాలిలోని శక్తి వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది కనుక, వేగం 6 మీటర్లకు తగ్గితే అందే విద్యుత్తు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎంత మేలైన గాలిమరైనా తన రెక్కల మీదుగా సాగే గాలిశక్తిలో 59.3 శాతానికి మించి గ్రహించలేదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ శతాబ్దం క్రితమే నిరూపించారు. పైగా, చుట్టూ భవనాలు, చెట్లు ఉంటే గాలి సుడులు తిరిగి బేరింగులు త్వరగా అరుగుతాయి. బ్యాటరీ, ఇన్వర్టర్ విడిగా కొనుక్కోవాలి. ఎత్తైన స్తంభం, నిలకడైన గాలి, విశాలమైన ఆరుబయలు ఉన్నవారికి దీన్ని మనస్ఫూర్తిగా సూచిస్తాను. ఇరుకైన నివాసాలకు సౌరఫలకాలే మేలు.