హార్డ్‌టెయిల్ వదిలి డౌన్‌హిల్ బైక్ తీసుకున్నాను: మూడేళ్లు తొక్కాక చెప్పే మాటలు

పాత హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ సైకిల్) మీద రాళ్ల దారిలో దిగితే కిందికి చేరేసరికి నా వేళ్లు బ్రేక్ లీవర్ల మీద బిగుసుకుపోయేవి. ఐదు నిమిషాల దిగుడుకి రెండుసార్లు ఆగి చేతులు విదిలించుకోవాల్సి వచ్చేది. ముందు 120 మి.మీ. ఫోర్క్, వెనకాల ఏమీ లేదు, కాబట్టి ప్రతి రాయీ పాదాల్లోంచి నడుములోకి వచ్చేది. అందుకే ముందూ వెనకా 200 మి.మీ. ట్రావెల్ (కుదుపుకి చక్రం పైకి కదలగలిగే దూరం) ఉన్న సెకండ్‌హ్యాండ్ డౌన్‌హిల్ బైక్, అంటే కొండ దిగడానికే చేసిన సైకిల్, తీసుకున్నాను.

కొనాలనుకునేవాళ్లు ముందు ఒక్కటి తేల్చుకోండి, కొండ పైకి ఎలా వెళ్తారు? లిఫ్టో, బైకుల్ని ఎక్కించుకుపోయే బండో ఉంటే సరే. లేకపోతే 160-170 మి.మీ. ఎండ్యూరో బైక్ తీసుకోవడమే నయం, అది ఎక్కుతుంది కూడా. నా బైక్ 16.5 కిలోలు, వెనకాల ఏడే గేర్లు, సీటు పూర్తిగా కింద ఉంటుంది, దాని మీద కూర్చుని ఎత్తు తొక్కడమంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. మేం నలుగురం కలిసి ఒక బండి మాట్లాడుకుంటాం కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఆ సౌకర్యం లేని రోజున మాత్రం గంటసేపు తోసుకుంటూ వెళ్లాను, రెండోసారి ఆ పని చేయలేదు.

హెడ్ యాంగిల్, అంటే ముందు ఫోర్క్ నేలతో చేసే కోణం, 63 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ముందు చక్రం బాగా ముందుకు చాచినట్టుంటుంది. చదునైన దారిలో, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎద్దుబండిని మలుపు తిప్పినట్టే ఉంటుంది, అదే వాలు పెరిగి వేగం అందుకుంటే అప్పటిదాకా బరువుగా అనిపించిన బైకే గీత గీసినట్టు వెళ్తుంది. మొదటి రోజు చదును మీద తొక్కి నిరాశపడకండి.

అసలు చెప్పాల్సింది వెనక షాక్ మీదుండే స్ప్రింగ్ గురించి. కొన్న మొదటి నాలుగు నెలలు ఈ బైక్ నాకు నచ్చలేదు. 200 మి.మీ. ఉన్నా వెనకాల గట్టిగా కొడుతోంది, చిన్న చిన్న రాళ్ల మీద చక్రం ఎగిరెగిరి పడుతోంది, మణికట్లు మళ్లీ నొప్పి. తప్పు ఫ్రేమ్‌దే అనుకుని అమ్మేద్దామన్నంత దాకా వెళ్లాను. ఒక సాయంత్రం హెల్మెట్, మోకాలి ప్యాడ్లు అన్నీ వేసుకుని బైక్ ఎక్కి నిలబడ్డాను, షాక్ ఎంత దిగిందో స్నేహితుడు టేపుతో కొలిచాడు. షాక్ స్ట్రోక్ (అది మొత్తం నొక్కుకోగలిగే దూరం) 75 మి.మీ., దిగింది 16, అంటే 21 శాతం. మన బరువుకే షాక్ ఇలా దిగడాన్ని శాగ్ అంటారు, డౌన్‌హిల్ బైక్‌కి అది 30 శాతం దగ్గర ఉండాలి. స్ప్రింగ్ తిప్పి చూస్తే దాని మీద 450 అని ఉంది, అది గట్టిదనం అంకె, ఎంత ఎక్కువైతే అంత గట్టి. బైక్ అమ్మినాయన నాకంటే దాదాపు ఇరవై కిలోలు ఎక్కువ, ఆయన బరువుకి అది సరిపోయింది. నేను 68 కిలోలు. పైనున్న రింగు వదులు చేసి చూశాను, ఏం లాభం లేదు, స్ప్రింగ్ వదులై కదలడం తప్ప దాని గట్టిదనం మారదు కదా. 350 స్ప్రింగ్ వేయించాక శాగ్ 21 మి.మీ.కి వచ్చింది. అదే దారి, అవే రాళ్లు, ఒక్కసారీ ఆగకుండా కిందికి దిగాను. ఆ రోజు కింద నిలబడి ఊరికే వేళ్లు ఆడించి చూసుకున్నాను, హాయిగా కదిలాయి.

స్ప్రింగ్ మార్చాక రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగం) కూడా మళ్లీ సెట్ చేయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. మరీ నెమ్మదిగా పెడితే ఒక రాయి మీద దిగిన షాక్ పైకి లేవకముందే రెండో రాయి వస్తుంది, అలా నాలుగు రాళ్లయ్యేసరికి ట్రావెల్ మిగలదు. మరీ వేగంగా పెడితే ఎత్తు మీంచి కిందికి దూకగానే వెనక చక్రం మనల్ని ముందుకి విసురుతుంది. ఒకేసారి రెండు క్లిక్కులకి మించి తిప్పకండి, అదే దారిలో మళ్లీ దిగి చూసుకోండి.

చక్రాల మాటకొస్తే, 2017లో వరల్డ్ కప్‌లో 29 అంగుళాలవి వచ్చినప్పటి నుంచి ఏది మంచిదన్న వాదన నడుస్తూనే ఉంది. నా ఎత్తు 170 సెం.మీ. నా బైక్‌కి ముందు 29, వెనక 27.5. రెండూ 29 ఉన్న స్నేహితుడి బైక్ మీద నిటారు దిగుడులో వెనక్కి వంగితే టైరు ప్యాంటుకి రాసుకుంది, నాకు అక్కడే విషయం తేలిపోయింది. పొడుగువాళ్లకి ఆ బాధ తక్కువ.

టైర్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. బరువు తగ్గుతుందని ఒకసారి పల్చటి గోడలున్న టైరు వేశాను, రెండు వారాల్లో రెండుసార్లు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి చిరిగింది. ఇప్పుడు డౌన్‌హిల్ గోడలున్న ట్యూబ్‌లెస్, గాలి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ. నాకంటే బరువున్నవాళ్లు కొంచెం పెంచుకోవాలి.

ఖర్చు కొనడంతో అయిపోదు. సుమారు 50 గంటల సవారీకి ఒకసారి ఫోర్క్ కింది భాగాలు విప్పి నూనె మార్చాలి. ఒక వానాకాలం నేను అది వదిలేసి, పైగా ప్రెషర్ వాటర్‌తో పివట్ల (ఫ్రేమ్ వెనక భాగం కదిలే కీళ్ల) మీదే కడిగాను. బేరింగుల్లోకి నీళ్లు చేరి తుప్పుపట్టాయి, వెనకాల కిర్రుకిర్రుమంటుంటే ఫ్రేమ్ పగిలిందేమోనని ఒకటే టెన్షన్. మొత్తం బేరింగులు మార్చాక శబ్దం పోయింది. ఇప్పుడు బకెట్టు నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు ఫోర్క్ గొట్టాల మీద వేలిగోరు పెట్టి పైనుంచి కిందికి లాగండి, ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ గీత సీల్‌ని తినేస్తుంది. ఫ్రేమ్‌లో పివట్ల చుట్టూ, అతుకుల దగ్గర టార్చి వేసి చూడండి. స్ప్రింగ్ మీద అంకె చదివి, అమ్మేవాళ్ల బరువెంతో మొహమాటపడకుండా అడగండి. నా 450 స్ప్రింగ్ ఇంకా అలాగే ఉంది, 85-90 కిలోలున్న మిత్రుడెవరైనా ఇలాంటి షాక్‌తో బైక్ కొంటే ఇచ్చేస్తాను.