వెడల్పు అడుగు పింగాణీ గిన్నెలు: ఆకారం బంగారం, పూత మీదే నా కోపం

ఈ గిన్నెల గురించి ముందుగా చెప్పాల్సింది వాటి అడుగు. రంగు, డిజైను, సెట్టుకి ఎన్ని వస్తాయన్నవి కొట్లో ఎవరికైనా కనిపిస్తాయి. అడుగు సంగతి మాత్రం అన్నం కలుపుకున్నప్పుడే తెలుస్తుంది. పైన 8 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు గోడ, అడుగు దాదాపు పళ్లెంలా సమంగా ఉంటుంది. రాజమండ్రిలో ఒక సామాన్ల కొట్లో తీసుకున్నాం. కొన్నేళ్లుగా అమలాపురంలో మా ఇంట్లో మూడు పూటలా ఇవే.

మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. గుండ్రటి అడుగున్న గిన్నెలో అన్నం కిందకి దిగి గట్టిపడిపోతుంది, వేళ్లు తిరగవు. పళ్లెంలో చెయ్యి హాయిగా తిరుగుతుంది గానీ పప్పుచారు నాలుగు పక్కలకీ పారిపోతుంది. ఈ గిన్నెలో ఆ రెండు ఇబ్బందులూ లేవు. వేడన్నం మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటే ఆఖరి మెతుకు దాకా కలుస్తుంది. దిబ్బరొట్టె ముక్కలు చెరకు పానకంలో నానబెట్టుకోవడానికి ఆ గోడ ఎత్తు సరిగ్గా సరిపోతుంది. పొద్దున్న ఉప్మాకీ, సాయంత్రం మామిడిపండు ముక్కలకీ, చుట్టాలొస్తే మధ్యలో వేపుడు పెట్టడానికీ అదే గిన్నె. మా చిన్నాడు కింద మెతుకు పడకుండా తినడం నేర్చుకున్నది దీంట్లోనే. ఈ ఆకారం మీద నా ఇష్టం ఇప్పటికీ రవ్వంత తగ్గలేదు.

కానీ ఆ పింగాణీ మాత్రం నన్ను బాగా ఏడిపించింది.

మా ఇంట్లో చేపల పులుసు వండితే మర్నాటికి మిగిలేలా వండుతాం. ముందురోజు పులుసుకి మర్నాడొచ్చే రుచి గోదారి జిల్లాలవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ మిగిలిన పులుసు ఈ గిన్నెల్లోనే పోసి, పైన పళ్లెం బోర్లించి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. మర్నాడు తీసి అలాగే మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టడం. తోమేవి తగ్గాయని, గిన్నె మార్చే పనే లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పాను కూడా.

అసలు సంగతి కార్తీకమాసంలో బయటపడింది. ఇంట్లో నీచు ముట్టుకుని చాలా రోజులైంది. అత్తయ్యగారికి అన్నం వెచ్చబెట్టి, పెరుగు కలిపి ఇచ్చాను. రెండు ముద్దలు తిని గిన్నె పక్కకి జరిపేశారు.

"అమ్మాయ్, దీంట్లో నీచు కొడుతోందే."

"లేదండీ అత్తయ్యగారూ, పొద్దున్నే తోమానండీ."

"నువ్వే చూడు."

ముక్కు దగ్గర పెట్టుకుంటే నిజంగానే వాసన. నియమంగా ఉన్న పెద్దావిడ నోటి దగ్గరికి అలాంటి గిన్నె వెళ్లిందంటే నాకు ప్రాణం చివుక్కుమంది. ఆ పూట ఆవిడ ఇంకేమీ తినలేదు.

శనగపిండితో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను, ఎండలో పెట్టాను. చల్లగా ఉన్నంతసేపూ ఏ వాసనా లేదు. మైక్రోవేవ్‌లో పెట్టి వేడెక్కిస్తే మళ్లీ మొదలు. చివరికి అల్మారాలో పరిచిన పేపరు మార్చుతుంటే కారణం దొరికింది. ఈ గిన్నెలు బోర్లించకుండా పెట్టిన ప్రతిచోటా పేపరు మీద గోధుమరంగు చుట్టు. పొడిగుడ్డతో తుడిచి పెట్టిన గిన్నెలు! అడుగు నుంచి తడి ఊరుతోందన్నమాట. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచి చూస్తే, లోపల పూత అంతా కోతలైన చేలో నెర్రెలు విచ్చినట్టు సన్నటి బీటలు. పసుపు ఎక్కి కొన్ని బాగా కనిపిస్తున్నాయి కూడా.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, తక్కువ వేడిలో కాల్చిన గిన్నెలో లోపలి మట్టికి నీళ్లు పీల్చే గుణం మిగిలే ఉంటుంది. పైన ఉన్న గాజులాంటి పూతే దానికి కాపలా. వేడికీ చల్లదనానికీ మట్టి ఒకలా, పూత ఒకలా సాగి ముడుచుకుంటే ఆ పూత బీటలిస్తుంది. అక్కడి నుంచి పులుసు లోపలికి దిగుతుంది. అడుగున నేలకి ఆనే చుట్టుకి అసలు పూతే ఉండదు, తోమేటప్పుడు అక్కడి నుంచి నీళ్లు ఎక్కుతాయి. మైక్రోవేవ్ వేడి చేసేది ముఖ్యంగా తడిని కాబట్టి, లోపల అన్నం చల్లగా ఉండగానే గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మాకు చాన్నాళ్లుగా అలాగే జరిగేది.

గిన్నె అడుగున మైక్రోవేవ్‌కి పనికొస్తుందన్న గుర్తు ఉంది. కొట్టతన్ని అడిగితే "వాడితే అంతేనండి" అన్నాడు. వాడటానికి కాకపోతే గిన్నె దేనికి? ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే.

పాతవి వేటినీ పారేయలేదు. వాటిలో ఇప్పుడు పళ్ల ముక్కలు, మరమరాలు, వడియాలు. అన్నానికి అదే ఆకారంలో, ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి రకం రెండు తీసుకున్నాం. ఈసారి కొట్లోనే గిన్నె తిరగేసి, పూత లేని చుట్టు మీద తడివేలితో ఒక చుక్క పెట్టి చూశాను. ఒక రకంలో చుక్క వెంటనే ఇంకిపోయింది, దాన్ని వదిలేశాను. తీసుకున్నదానిలో అలాగే నిలబడింది. వేలి కణుపుతో కొడితే ఖంగుమంది కూడా. బరువు ఎక్కువ, ధర కూడా ఎక్కువే.

ఒకే గిన్నె అన్నిటికీ అని పైన అన్నాను గానీ, పెరుగు తోడు పెట్టడానికీ, చారు తాగడానికీ ఇది కుదరదు. నోరు వెడల్పు కదా, ఇట్టే చల్లారిపోతుంది. అత్తయ్యగారైతే తన కంచు గిన్నెకే వెళ్లిపోయారు. తణుకు దగ్గర అజ్జరంలో ఎప్పుడో కొన్నది. రాగి, తగరం కలిసిన లోహం, వాసన పట్టే ప్రశ్నే లేదు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, కింద పడితే పగిలే భయం ఉంది. ఆవిడకి ఆ రెండూ పట్టవు.

నీచు వండని ఇల్లయితే, మైక్రోవేవ్ వాడకపోతే, నా పాత గిన్నెలే ఇంకా చాలాకాలం బాగుండేవేమో. గచ్చు మీద కూర్చుని తినే చిన్నపిల్లలుంటే అదే ఆకారంలో స్టీలు లోతుపళ్లెం వెతుక్కోవడం మంచిది, వేడన్నానికి చెయ్యి కాలుతుంది గానీ పగలదు. మా ఆడపడుచు ఆరింటి సెట్టు కొంటానంటే, రెండే కొనుక్కో వదినా, ఒక పులస సీజనంతా పులుసు పోసి చూసి అప్పుడు మిగతావి తెచ్చుకో అన్నాను.