ఇండక్షన్ స్టవ్: ఎనిమిది నెలలు వాడాక

గ్యాస్ బండ అయిపోయిన ప్రతిసారీ ఇబ్బందే అని నెల్లూరు ట్రంకు రోడ్డులో 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. పాలు, అన్నం, పప్పు చకచకా అయిపోతాయి, వంటగదిలో వేడి తక్కువ, మా ఎండల్లో అదే పెద్ద సుఖం.

కానీ షాపులో చెప్పని సంగతొకటుంది. దీన్ని మామూలు చిన్న ప్లగ్గుకు పెట్టకూడదు. మేం ఫోన్ ఛార్జింగ్ పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సుకే పెట్టాం, మూడో రోజుకే ప్లగ్గు వేడెక్కి కాలిన వాసన వచ్చింది, అమ్మ హడలిపోయింది. ఎలక్ట్రీషియన్ 16 ఆంప్స్ సాకెట్ ఎర్త్‌తో సహా వేశాకే టెన్షన్ పోయింది.

గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటేనే పనికొస్తుంది. మామూలు అల్యూమినియం గిన్నెలు, రాగివి, చేపల పులుసు పెట్టే మట్టి దాక దీని మీద వేడెక్కవు. అందుకే మామిడికాయ వేసిన పులుసు మాకు ఇప్పటికీ గ్యాస్ మీదే, సన్నమంటన.

వంటయ్యాక వెంటనే ప్లగ్గు తీయకండి, లోపల ఫ్యాన్ ఆగనివ్వండి. గిన్నె దించాక కూడా పైన అద్దం కాసేపు కాలుతుంది, పిల్లల్ని దగ్గరకు రానీయకండి. ఫుల్లు మీద గంట నడిస్తే 2 యూనిట్లు, కరెంటు బిల్లు లెక్క చూసుకునే కొనండి.