ముప్పై రోజుల కన్నడ పుస్తకం: ఆరేళ్లు వాడాక

2019 జూన్‌లో బ్యాంకు ఆఫీసరుగా నా మొదటి పోస్టింగ్ కర్ణాటకలోని తిపటూరులో పడింది. మాది కోనసీమ. కన్నడం ఒక్క ముక్క రాదు. చేరడానికి వారం రోజులే టైముంది. రాజమండ్రి స్టేషన్‌లో రైలెక్కే ముందు, తెలుగు ద్వారా ముప్పై రోజుల్లో కన్నడం నేర్పుతామనే పుస్తకం ఒకటి కొన్నాను. ఇలాంటివి మూడు నాలుగు రకాలు దొరుకుతాయి, నేను చూసినంతలో అన్నిటి పద్ధతీ ఒకటే: ముందు అక్షరాలు, తర్వాత మాటల పట్టికలు, చిన్న వాక్యాలు, చివర్లో సంభాషణలు. ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోతే బైండింగ్ చేయించాను.

ముప్పై రోజుల్లో భాష వచ్చేస్తుందా అని చాలామంది అడుగుతారు. చదవడం వస్తుంది. మనకు కావలసింది అడగడం వస్తుంది. ఎదుటివాళ్లు చెప్పేది ఆగకుండా అర్థం కావడానికి మాత్రం నాకు ఆరు నెలలు పట్టింది.

పుస్తకం బాగా చేసిన పని లిపి నేర్పడం. తెలుగు, కన్నడ లిపులు రెండూ పాత తెలుగు-కన్నడ లిపి నుంచి విడిపోయినవే కాబట్టి సగం అక్షరాలు చూడగానే తెలిసిపోతాయి. మన తలకట్టు ఉండేచోట వాళ్లకు పైన అడ్డగీత ఉంటుంది. క, త లాంటి కొన్ని అక్షరాల రూపం వేరు. 'కే' రాయాలంటే ముందు 'కె' రాసి, దాని పక్కన దీర్ఘం గుర్తు విడిగా పెడతారు. నాలుగో రోజు సాయంత్రానికి బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివాను. ఆ ధైర్యం వేరు. ఎవరినీ అడగకుండా బస్సెక్కి గదికి వెళ్లాను.

పుస్తకం చెప్పకుండా వదిలేసిన పెద్ద విషయం ఒకటుంది. మాటల పట్టికలు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటుంటే నాకే కనిపించింది. మన మాట మొదట్లో ఉండే 'ప' వాళ్ల దగ్గర చాలాసార్లు 'హ' అవుతుంది: పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పువ్వు హూవు, పది హత్తు. అలాగే 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది: వెన్న బెణ్ణె, వెండి బెళ్ళి, వెల్లుల్లి బెళ్ళుళ్ళి, వేప బేవు. వడ్డీ బడ్డి అయిందని గమనించిన రోజు నా ఉద్యోగం సగం తేలికైనట్టు అనిపించింది. ఈ రెండు సూత్రాలూ మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంటే వందల మాటలు బట్టీ పట్టే పని తప్పేది. తెలుగువాళ్ల కోసమే రాసిన పుస్తకంలో ఇది లేకపోవడం పెద్ద లోటు.

దగ్గరి భాష కాబట్టే ప్రమాదాలూ ఉన్నాయి. చేరిన రెండో వారంలో ఒక పెద్దాయన కౌంటర్ దగ్గరికి వచ్చి 'చిన్న అడ ఇడబేకు' అన్నారు. నేను 'చిన్న' అంటే చిన్నదే అనుకుని, చిన్న అప్పు కావాలేమోనని వేరే ఫారం తీసి రాయడం మొదలుపెట్టాను. కన్నడంలో చిన్న అంటే బంగారం. ఆయన అడిగింది గోల్డ్ లోను. మా అటెండర్ అన్న వచ్చి చెప్పేసరికి అరగంట గడిచింది, ఆయనకు ఊరి బస్సు తప్పిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. ఆ రాత్రే పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఇలాంటి మాటలకు పట్టిక మొదలుపెట్టాను. సాకు అంటే చాలు. ఊట అంటే భోజనం. తిండి అంటే పొద్దుటి టిఫిన్. మా ఊళ్లో ఏ కొబ్బరికైనా కొబ్బరే. అక్కడ కొబ్బరి అంటే ఎండుది, పచ్చికాయ తెంగినకాయి. తిపటూరు ఎండు కొబ్బరి మార్కెట్టుకు పేరుపొందిన ఊరు, బ్యాంకుకు వచ్చే సగం మంది మాటల్లో అదే ఉంటుంది. మన కోనసీమ అంబాజీపేటలో కురిడీ అనే గుండ్రటి ఎండు కొబ్బరిని వాళ్లు ఉండె కొబ్బరి అంటారు. ఆ ఒక్క మాటతో రైతులు నాతో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు.

అందరికంటే ఎక్కువగా తెలుగువాళ్లు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. మనం 'ఆమె వచ్చింది' అన్నా, 'బస్సు వచ్చింది' అన్నా క్రియ ఒకటే. కన్నడంలో అలా కాదు. ఆమెకు బందళు, గౌరవంగా బందరు. వస్తువుకు, జంతువుకు బంతు. నేను తెలుగు అలవాటులో 'అజ్జి బంతు' అనేదాన్ని. అంటే ఆ పెద్దావిడను వస్తువుతో కలిపేసినట్టు. మా అటెండర్ అన్నే పక్కకు పిలిచి, 'బందరు అన్బేకు మేడం' అని మెల్లగా చెప్పారు. పుస్తకంలో ఈ రూపాలన్నీ ఉన్నాయి, పన్నెండో రోజు పాఠంలోనే. కానీ మనకు ఎక్కడ నోరు జారుతుందో అక్కడ ఒక్క హెచ్చరికా లేదు.

ఇక వినడం సంగతి. పుస్తకం నేర్పేది రాతలో వాడే భాష. పుస్తకంలో 'హోగుత్తేనె' (వెళ్తాను), 'మాడుత్తేనె' (చేస్తాను) అని ఉంటే, అందరూ అనేది 'హోగ్తీని', 'మాడ్తీని'. 'బరుత్తదె' (వస్తుంది) అని నేను కంఠస్థం చేస్తే ఆఫీసులో 'బరత్తె' అనేవారు, పల్లెల నుంచి వచ్చేవాళ్లు 'బత్తదె' అనేవారు. పైగా పల్లెల్లో చాలామంది 'హ' పలకరు. పాలు హాలు అయిందని నేర్చుకున్నాక, ఆ హాలు కూడా 'ఆలు' అయి వినిపిస్తుంది. మొదటి రెండు నెలలూ ఫోన్ మోగితే టెన్షన్. నోటికి వచ్చింది, చెవికి రాలేదు. పుస్తకాన్ని తప్పుపట్టను, అచ్చు పుస్తకం చెవిని తయారు చేయలేదు. మా ఇంటి ఓనరమ్మ రోజూ రాత్రి పావుగంట నాతో మాట్లాడేవారు. ఆవిడ అన్న రూపాన్ని పుస్తకంలో వాక్యం పక్కనే పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. ఇప్పుడు నా పుస్తకంలో అచ్చు కంటే పెన్సిలే ఎక్కువ.

ఈ పుస్తకం ఇంత పని చేసింది కదా అని రెండేళ్ల కిందట ఇలాంటిదే తమిళానికి కొన్నాను. అంత సులువు కాలేదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం కాబట్టి మాట ముందే తెలిస్తే తప్ప సరిగ్గా చదవలేం. నలభై రోజులు పట్టుబట్టినా బోర్డులు చదవడంలో తడబాటు పోలేదు. అమెరికా దౌత్య ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి వాళ్ల శిక్షణ సంస్థ వేసుకున్న లెక్క సుమారు 1,100 క్లాసు గంటలు, అంటే 44 వారాలు. మనకు కన్నడం చదవడం, అడగడం నెలలో వచ్చేస్తుందంటే అది అట్ట మీద రాసిన ముప్పై అంకె గొప్పతనం కాదు. అందులో సగం మన ఇంట్లో ముందే ఉంది. జర్మన్‌కో జపనీస్‌కో ఇదే నమ్మకంతో డబ్బు పెట్టకండి.

పక్షుల పేర్లు, పోస్టాఫీసు సంభాషణలు నాకు ఒక్కసారీ పనికిరాలేదు. మొదటి నెలలో వాటిని వదిలేసి అంకెలు, బేకు (కావాలి), బేడ (వద్దు), ఎష్టు (ఎంత), ఎల్లి (ఎక్కడ), యావాగ (ఎప్పుడు), గొత్తిల్ల (తెలియదు) మీద కూర్చోండి. రోజుకు పది మాటలు, అవీ మీ పనిలో వినిపించేవి. కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి చూడండి. వాక్యం కన్నడ లిపిలో, కింద తెలుగు ఉచ్చారణతో ఉంటే తీసుకోండి. ఉత్త తెలుగు అక్షరాల్లోనే ఉంటే వద్దు, దాంతో బోర్డులు చదవడం రాదు. పక్కన పెన్సిల్‌తో రాసుకోవడానికి కాస్త జాగా ఉందో లేదో కూడా చూసుకోండి.